మాట దూరని అద్దం

తెల్లారేసరికి ఆకాశం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. మబ్బుతునక ఒక్కటి లేదు. తూర్పు అంచున మాత్రం తడి ఇంకా ఆరనట్టు బూడిదరంగు చార ఒకటి మిగిలింది. అతను ముఖం కడుక్కుందామని వాకిట్లోకి వచ్చి, ముందు పైకి చూశాడు. తర్వాత కిందికి చూసి ఆగిపోయాడు. నేలంతా తడి. గోడవార బోర్లించిన బక్కెట్టు మీదికి జానెడెత్తున బురద చింది ఉంది.

“రాత్రి వానొచ్చిందా అక్కా?”

పొయ్యి దగ్గరున్న అక్క తిరిగి బావ వంక చూసింది. చెప్పులు తొడుక్కుంటున్న బావ తలెత్తలేదు.

“వచ్చింది,” అంది అక్క గట్టిగా. ఈ మధ్య ఆమె ఏం చెప్పినా గట్టిగానే చెబుతోంది. వయసుతో పాటు కోపమూ పెరుగుతోందనుకుని అతను సర్దుకుపోతున్నాడు.

వాళ్లది రేకుల కప్పు ఇల్లు. చిన్న జల్లుకే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఇంత వానకీ మెలకువ రాలేదంటే ఒళ్లు తెలియకుండా పడుకుని ఉంటాననుకున్నాడు. అంతకు మించి ఆలోచించే తీరిక లేదు. తను పనిచేసే కార్ల షెడ్డు బయట వదిలిన కారు రాత్రంతా తడిసి ఉంటుంది. నీళ్లు ఎటు నుంచి దూరాయో జాడ తెలుస్తుంది. ఆ జాడ ఎండకముందే చూడాలి.

“క్యారేజీ ఇంకా కాలేదురా,” అంది అక్క.

“తర్వాత తీసుకురా,” అని అతను అప్పటికే గుమ్మం దాటాడు.

సగం దారిలో బావ ఆయాసపడుతూ వచ్చి పక్కన కలిశాడు. “నెమ్మదిగా నడవవోయ్ బావమరిదీ. కారెక్కడికీ పారిపోదు. నిన్ననే బ్యాటరీ తీసేశారు.” బావ గొంతు జీరగా వచ్చింది. పోయిన నెల జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. జలుబు తగ్గింది కానీ గొంతు మళ్లీ మునుపట్లా రాలేదు.

షెడ్డులో అతన్ని అద్దాలాయన అంటారు. బండి ఏదైనా సరే, అద్దం దగ్గరికొచ్చేసరికి అతని కోసం కేకేస్తారు. పొట్టి మనిషి. చేతులు మాత్రం పొడుగు. తలుపు లోపలి సందుల్లో చెయ్యి పెట్టి పెట్టి మోచేతి దాకా గీతలు పడ్డాయి. పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. కుడిచెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. బట్ట మీద గీసుకునే ఆ పలచటి ముక్క బావ కుట్టుమిషను దగ్గర నుంచి తెచ్చుకున్నదే. బావది టాపులు కుట్టే పని. తీసి మడిచే గుడ్డటాపు ఉన్న బండి వస్తే గుడ్డ బావది, అద్దం అతనిది.

అక్కకి పెళ్లయి ఈ ఊరొచ్చినప్పుడు, ఆమె పెట్టెతో పాటు అతనూ వచ్చాడు. బావే ఈ షెడ్డులో పెట్టించాడు. వాళ్లింటి ముందుగదిలోనే ఉండిపోయాడు. ఒకసారి సంబంధం ఒకటి వచ్చింది. పిల్ల మేనమామ ఇతనితో ఓ పూటంతా కూర్చుని, లేచి వెళ్తూ బావని పక్కకి పిలిచి, “అబ్బాయికి మాటలొస్తాయా?” అని అడిగాడు. “వస్తాయి, కానీ పండగకో పబ్బానికో,” అన్నాడట బావ. ఆ సంబంధం అక్కడితో ఆగింది. ఇప్పటికీ బావ ఆ సంగతి చెప్పి నవ్విస్తుంటాడు. అతనూ నవ్వుతాడు.

కారు చింతపిక్క రంగుది. గుండ్రటి దీపాలు, వెడల్పాటి పళ్లవరసలాంటి ముందుభాగం. పళ్ల డాక్టరమ్మ వాళ్ల నాన్న కొన్న బండి. దాన్ని ఆవిడ బాగుచేయించుకుంటోంది. పోయిన నెల వెనక పక్కద్దాలు రెండూ అతనే బిగించాడు. నిన్న ఆవిడ మళ్లీ తెచ్చింది. వానలో వాళ్లమ్మ వెనక ఎడమవైపు కూర్చుందనీ, దిగేసరికి పెద్దావిడ భుజమంతా తడిసి ముద్దయిందనీ చెప్పింది. కోప్పడలేదు. “అమ్మ వెనక సీటు తప్ప ఎక్కదు. సాయంత్రానికి బాగవుతుందా?” అని మాత్రం అడిగింది.

అతని చేతి మీదుగా వెళ్లిన అద్దం వెనక్కి తిరిగి రావడం అదే మొదలు.

“బాబాయ్, ఎందుకొచ్చిన గొడవ. గమ్ము పెట్టి ఆ అద్దాన్ని అతికించేద్దాం,” అన్నాడు షెడ్డు మేస్త్రి. “పైకీ కిందికీ తిరక్కపోతే నష్టమేంటి?”

కదలని అద్దం అతని దృష్టిలో అద్దమే కాదు, గోడ. సాయంత్రంలోగా తేలకపోతే మేస్త్రి ఆ పనే చేస్తాడని తెలుసు.

తలుపు తీసి, ముందుసీటు మడిచి, వెనక్కి దూరాడు. అరచెయ్యి సీటు మీద ఆనించాడు. కుడివైపు పొడి. ఎడమవైపు చల్లగా తగిలింది. తప్పిపోయిన దూడ అడుగులు వెతికినట్టు తడి వెంట వేళ్లు పోనిచ్చాడు. సీటు మీది నుంచి పక్క ప్యానెలు మీదికి, అక్కడి నుంచి పైకి. ముందు తలుపు అద్దమూ వెనకద్దమూ కలిసే నిలువు అంచు దగ్గర, పై మూలలో, తడి వేలెడంత మిగిలి ఉంది.

“ఇక్కడా,” అనుకున్నాడు. అతనికి అవమానం కన్నా ముందు ఆసక్తి పుట్టింది. ఆ మూల అంటే అతనికి బాగా తెలుసు. ఇలాంటి బండ్లకి అద్దం చుట్టూ చట్రం ఉండదు. వెనకద్దం తిన్నగా దిగదు. పడుకోబోయే పిల్లాడిలా వెనక్కి వాలుతూ లోపలికి దిగుతుంది. పైకొచ్చేటప్పుడు ముందుకి ఒరుగుతూ వచ్చి తలుపు అద్దాన్ని ఆనుకోవాలి, టాపు అంచునున్న రబ్బరులో తల దూర్చాలి. రెండూ ఒకేసారి జరగాలి. పక్కన ముందు ఆనితే పైన సందు, పైన ముందు తగిలితే పక్కన సందు.

ప్యానెలు ఊడదీశాడు. లోపలి రంధ్రంలోంచి చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని తడిమాడు. కనబడని చోట కళ్లు తెరిచి ఉంచితే వేళ్లకి ధ్యాస కుదరదని అతని నమ్మకం. వాలు సరిచేసే బోల్టు కాస్త వదులైంది. బిగించి, హ్యాండిల్ తిప్పి అద్దాన్ని పైకి తెచ్చాడు. దిగినంత మెత్తగానే ఎక్కింది.

“రా బావా,” అన్నాడు.

ఇది వాళ్లిద్దరి అలవాటు. పని నేర్పిన పెద్దమేస్త్రి పెట్టిన పద్ధతి. టాపు వేసి, అద్దాలన్నీ ఎత్తి, ఒకడు వెనకసీట్లో కళ్లు మూసుకుని కూర్చోవాలి. ఇంకొకడు బయట అద్దం అంచుకి జానెడు దూరంలో నోరు పెట్టి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడుతూ చుట్టూ తిరగాలి. సందున్న చోట మాట దూరుతుంది. మాట దూరిన చోట నీళ్లూ దూరుతాయి. లోపలివాడు ఆ చోట నల్లరబ్బరు మీద సుద్దగీత పెట్టాలి. “నీళ్లు పోసి చూస్తే సీటు తడుస్తుంది. మాట పోసి చూస్తే చెవి తడుస్తుంది. చెవిని ఎండబెట్టే పని లేదు,” అనేవాడు పెద్దమేస్త్రి.

మొదటి నుంచీ లోపల అతనే. బయట బావ. మాట్లాడేది బావే కాబట్టి అలా కుదిరింది. ఇన్నేళ్లలో అద్దాల అంచుల్లోంచి ఎన్ని మాటలు విన్నాడో లెక్కలేదు. తిట్లే ఎక్కువ. “సోంబేరి”, “అక్క చాటు తమ్ముడు”, “ఉప్పు లేని మొహం”. ఊళ్లో కబుర్లు, అక్క మీద చాడీలు. అక్కకి పుట్టిన బిడ్డ దక్కలేదన్న సంగతి కూడా బావ చెప్పింది ఇలా ఒక కారు బయట నిలబడే. ఎదురుగా చెప్పలేక అద్దానికి చెప్పాడు. సగం మాటలే లోపలికొచ్చాయి. వచ్చిన చోట అతను గీతలు పెట్టాడు. తర్వాత దిగి ఆ సందులన్నీ మూశాడు.

ఇప్పుడు సీటు మీద పాత గోనెపట్టా పరుచుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాడు. సుద్దముక్క చేతిలో ఉంది. బావ నీడ కుడివైపు నుంచి మొదలై వెనక్కి వెళ్లి ఎడమకి వచ్చింది. కళ్లు మూసుకున్నా, ఎండకి అడ్డం వచ్చిన నీడ రెప్పల మీద తెలుస్తుంది. ఎక్కడా ఏమీ వినబడలేదు. ఎడమ మూల దగ్గర నీడ ఎక్కువసేపు నిలబడింది. అక్కడా అంతే. కొత్త దిండులో తల పెట్టినట్టుంది.

దిగి, “అయిపోయింది,” అన్నాడు.

బావ అతని వంక ఓసారి చూసి, ఎడమ మూల వంక చూశాడు.

మేస్త్రి నీళ్ల గొట్టం తెచ్చి ఎడమ మూల మీద పట్టాడు. అద్దాలాయన లోపల కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి అదే మూలలో ఒక చుక్క ఉబ్బింది. నిలబడి నిలబడి, జారి, ప్యానెలు మీద గీత గీసింది.

“నేను చెప్పలేదా,” అన్నాడు మేస్త్రి. “గమ్ము తెప్పించనా?”

“ఆగు,” అన్నాడు అతను. చుక్క జారిన దారి వంకే చూస్తున్నాడు. మాట రాని చోట నీళ్లొచ్చాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు.

“గుడ్డలో ఏమైనా తేడా ఉందేమో,” అన్నాడు బావ. “కుట్టు విప్పి చూస్తాను.”

“గుడ్డ కాదు.”

చిత్తుకాగితం ఒకటి చింపి, అద్దానికీ రబ్బరుకీ మధ్య పెట్టి, అద్దం ఎత్తాడు. కాగితం పెట్టి చూడటం చెవి కుదరని కొత్తవాళ్ల పని అని అతను ఎప్పుడూ దాని జోలికి పోలేదు. చుట్టూ అంతటా కాగితాన్ని అద్దం పట్టుకుంది. లాగితే చిరిగింది. ఎడమ మూల దగ్గర మాత్రం వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది.

అతను ఆ కాగితాన్ని వెలుగుకి పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. ఇంత సందులోంచి బావ తిట్టు ఒక్కటైనా రావాలి.

“ఇక్కడ మాట్లాడావా బావా?”

“మాట్లాడాను.”

“ఈ మూల దగ్గరే?”

“అక్కడే నిలబడి మాట్లాడాను.”

అప్పటికి అక్క క్యారేజీ పట్టుకుని వచ్చింది. షెడ్డు మూల బల్ల మీద కూర్చుని, వీళ్లని చూస్తూ, “అన్నం చల్లారిపోతుందిరా,” అంది. అది అతనికి బాగానే వినబడింది. షెడ్డు అవతలి నుంచి అంది కూడా. అతను అక్క నోటి వంక చూశాడు. బావ నోటి వంక చూశాడు. పొద్దున బక్కెట్టు మీద చిందిన బురద గుర్తొచ్చింది.

సుద్దముక్క బావ చేతిలో పెట్టాడు. “లోపల నువ్వు కూర్చో. నేను మాట్లాడతాను.”

బావ ఆ ముక్కని అటూ ఇటూ తిప్పాడు. “నువ్వా? మాట్లాడటమా?” అని నవ్వబోయాడు. నవ్వు సాగలేదు. ముందుసీటు మడిచి, మోకాళ్లు పట్టుకుని, వెనక్కి దూరాడు.

అతను బయట నిలబడ్డాడు. అద్దంలోంచి బావ కనబడుతున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, సుద్దముక్క ఎత్తి పట్టుకుని, తలదువ్వించుకునే పిల్లాడిలా కూర్చున్నాడు. ఇన్నేళ్లూ తనెలా కనబడేవాడో అతనికి మొదటిసారి తెలిసింది. ఏం మాట్లాడాలో మాత్రం తెలియలేదు. బావకి ఇన్ని మాటలు ఎక్కడి నుంచి వచ్చేవో.

“ఏం మాట్లాడాలి,” అన్నాడు అంచు దగ్గర నోరు పెట్టి.

బావ చెయ్యి వెంటనే లేచి రబ్బరు మీద గీత పెట్టింది.

వేలెడు పైకి జరిగాడు. “ఇక్కడా వినబడుతుందా?”

ఇంకో గీత.

మూలకి వచ్చాడు. ఇంకా గొంతు తగ్గించాడు. తనకే వినబడనంతగా తగ్గించాడు. “నాకు చెవి పోయిందని ఎప్పట్నించి తెలుసు నీకు?”

బావ చెయ్యి గాలిలో ఆగింది. కళ్లు తెరవలేదు. నెమ్మదిగా, మూలలో మూడో గీత పెట్టాడు.

అతను తల వెనక్కి తీశాడు. మొదట అనుకున్నది, “ఓహో, అయితే పెద్దమేస్త్రి పద్ధతి తప్పు కాదన్నమాట.” తర్వాత మిగతావి ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

బావ దిగి, బండికి ఆనుకుని నిలబడ్డాడు. “చాలా రోజులైంది. మొదట్లో కొంచెం గొంతు పెంచితే సరిపోయేది. తర్వాత ఇంకొంచెం. అవతలి వీధివాళ్లు కూడా నా తిట్లు వినేవాళ్లు, నువ్వు గీత పెట్టేవాడివి. పని సరిగ్గానే అయ్యేది.”

“పోయిన నెల నీ గొంతు పోయింది.”

“పోయింది. నువ్వేమో గీతల్లేకుండా దిగి, బ్రహ్మాండంగా కుదిరిందన్నావు. ఇవాళా అరుద్దామనే చూశాను. రాలేదు.”

“చెప్పొచ్చుగా.”

“చెబితే మానేస్తావు. మానేస్తే నేనెవర్ని తిట్టుకోవాలి?”

అతనికి నవ్వొచ్చింది. బావకీ వచ్చింది.

మళ్లీ ప్యానెల్లో చెయ్యి పెట్టాడు. ఈసారి బోల్టుతో ఆగకుండా చేతికి తగిలిన ప్రతిదాన్నీ తిప్పి చూశాడు. అద్దాన్ని మోసే చిన్న చక్రం ఒక వైపు అరిగి చదునైంది. అద్దం చివరి దాకా ఎక్కాక, ఆ చదును మీద కూర్చుని, కాగితం మందాన బయటికి ఒరుగుతోంది. అరిగిన చక్రం టకటకలాడుతుంది. ఆ చప్పుడు కూడా తను వినలేదు. పాత డబ్బాలో వెతికి, సరిపోయే చక్రం వేసి, కొంచెం నూనె రాశాడు. తర్వాత బావ లోపల, అతను బయట. గీతలు రెండయ్యాయి. బోల్టు అరచుట్టు తిప్పాడు. ఒకటయింది. ఇంకొంచెం తిప్పాడు. ఇప్పుడు అతను మూల దగ్గర నిలబడి నోటికొచ్చినవన్నీ అన్నాడు. సోంబేరి అన్నాడు. ఉప్పు లేని మొహం అన్నాడు. బావ చెయ్యి లేవలేదు.

మేస్త్రి నీళ్లు పట్టాడు. పడుతూనే ఉన్నాడు. చుక్క రాలేదు. గమ్ము మాట మళ్లీ ఎత్తలేదు.

కారు ఆరి, మేస్త్రి బ్యాటరీ బిగించేలోపు అతను షెడ్డంతా తిరిగాడు. కొత్తగా కొన్న వస్తువుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు, తన చెవుల్ని చూసుకున్నాడు. సుత్తి వినబడుతోంది. గాలికొట్టే మిషను వినబడుతోంది. కుళాయి కింద చుక్కలు పడుతున్నాయి, వినబడటం లేదు. కంకర మీద చెప్పులు ఈడ్చి చూశాడు. లేదు. రెండు స్పానర్లు ఒకదానికొకటి తగిలించాడు. చెవి దగ్గర పెడితే ఉంది, చేతులు చాపితే లేదు. చేతులు దగ్గరికీ దూరానికీ జరుపుతూ, అది ఎక్కడ పోతోందో, ఎక్కడ తిరిగొస్తోందో చూస్తూ నిలబడ్డాడు. అక్క బల్ల మీది నుంచి అదంతా చూస్తోంది. ఆమె గొంతు పెంచింది కోపంతో కాదని అప్పుడు తట్టింది.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దావిడ వెనక ఎడమవైపు ఎక్కింది. అరచేత్తో సీటు తడిమి చూసుకుంది. హ్యాండిల్ తనే తిప్పి అద్దం దించింది, ఎత్తింది, మళ్లీ దించి ఎత్తింది. చిన్నపిల్లలా ముచ్చటపడింది. అద్దం పూర్తిగా ఎక్కాక లోపల నుంచి అతని వంక చూసి ఏదో అంది. పెదాలు కదిలాయి. ఒక్క ముక్క వినబడలేదు. అది అద్దం గొప్పో, తన చెవి లోపమో, ఎవర్నీ అడగాలనిపించలేదు. తలూపి నవ్వాడు. కారు గేటు దాటింది.

చేతులు తుడుచుకున్న గుడ్డ ఉతికి తీగ మీద ఆరేశాడు. స్పానర్లు వరసగా సర్దాడు. మేస్త్రి దగ్గరికెళ్లి, “రేపట్నించి అద్దాలకి ఎవర్నైనా చూసుకో బాబూ,” అన్నాడు.

మేస్త్రి ఏదో గట్టిగానే వాదించాడు. బావ కూడా వచ్చాడు. “లోపల నేను కూర్చుంటానుగా.”

“మరి బయట మాట్లాడేదెవరు? ఉన్న మాటలన్నీ ఇవాళే అయిపోయాయి,” అన్నాడు అతను.

బావ చేతిలోని సుద్దముక్కని బల్ల మీద పెట్టాడు.

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. అక్క క్యారేజీ గిన్నెలు విప్పి, ముగ్గురికీ వడ్డించింది. అన్నం ఎప్పుడో చల్లారిపోయింది. మొదటి ముద్ద కలుపుతూ అతను అడిగాడు.

“పొద్దున కారు చుట్టూ తిరిగావు కదా. ఏమన్నావు? తిట్టావా?”

బావ కొంచెం దగ్గరికి జరిగాడు. చెవి దగ్గర చెప్పాడు. “లేదు. ‘రాత్రి వానొచ్చింది, విన్నావా’ అన్నాను. చుట్టూ అదే అన్నాను.”

అతను తలూపాడు. ముగ్గురూ తినసాగారు. కాసేపటికి అనుమానం వచ్చి, ఇద్దరి ముఖాల వంకా చూశాడు, ఏమైనా మాట్లాడుకుంటున్నారేమోనని. లేదు. అక్క తలొంచుకుని తింటోంది. బావ గిన్నెలోకి చూస్తూ నములుతున్నాడు. ఎవరూ మాట్లాడటం లేదు. అందరికీ ఒకేలా ఉంది. అతను నిమ్మళంగా ఇంకో ముద్ద కలిపాడు.

గిన్నెల పక్కన, బావ పెట్టిన చోటే, ఒక వైపు అతని బొటనవేలంత మేర గుంటపడి అరిగిన సుద్దముక్క ఉంది.